మంటల్లో నిలబడ్డ రేంజర్

అమెరికాలోని ఐడహోలో కోర్ డెలేన్ జాతీయ అరణ్యం 1906లో ఏర్పడింది. అప్పటికి అక్కడి అటవీ శాఖ పుట్టి ఏడాదే. అడవి చూస్తే అపారం, రేంజర్లు కొద్దిమంది.

1910 ఆగస్టు 20న ఆ ప్రాంతంలో పెనుగాలికి చెదురుమదురు మంటలన్నీ ఏకమయ్యాయి. రెండు రోజుల్లో దాదాపు 30 లక్షల ఎకరాలు తగలబడ్డాయి. రేంజర్ ఎడ్ పులాస్కీ తన వెంట ఉన్న సుమారు 45 మందిని పాత గని సొరంగంలోకి నడిపించాడు. ద్వారానికి తడి దుప్పట్లు అడ్డంపెట్టి, స్పృహ తప్పేదాకా మంటల్ని ఆపాడు. ఐదుగురు పోయారు, మిగతావాళ్లు బతికి బయటపడ్డారు. ఆయన చూపు దెబ్బతింది.

ఒకవైపు గొడ్డలి, మరోవైపు మన్ను తవ్వే అంచు ఉన్న పనిముట్టును ఆయన తీర్చిదిద్దాడు. అది నేటికీ ఆయన పేరుతోనే వాడుకలో ఉంది. అడవిని కాచేవాళ్లకు కావలసిన మనుషుల్నీ పనిముట్లనీ నిప్పు రేగకముందే ఇవ్వాలి. అది మన బాధ్యత.