అడవి అంచున ఒక రాత్రి

బొగ్గుగనుల ఊళ్లకు రాత్రి తక్కువ. మంచిర్యాల నుండి మందమర్రి, బెల్లంపల్లి వైపు పోయినను, గోదావరి దాటి రామగుండము, గోదావరిఖని వైపు పోయినను దీపములు ఆరవు. ఒక షిఫ్టువారు గని దిగుచుండగా మరియొక షిఫ్టువారు పైకి వచ్చుచుందురు. బొగ్గు మోయు బండ్ల చప్పుడు నిద్రలో కూడ వినబడుచునే ఉండును. అట్టి ఊళ్లవారికి చీకటియు నిశ్శబ్దమును కావలెనన్న ఎచ్చటికి పోవలెను? పడమరగా ఇంచుమించు 60 కిలోమీటర్లు పోయిన చాలును. లక్షెట్టిపేట, దండేపల్లి దాటిన పిమ్మట జన్నారము వచ్చును. అచ్చటినుండి కవ్వాల అడవి.

ఈ అడవి 1965లో అభయారణ్యమైనది. 2012లో దీనిని టైగర్ రిజర్వుగా ప్రకటించిరి. నడిబొడ్డున సుమారు 892 చదరపు కిలోమీటర్లు, దాని చుట్టును రక్షణవలయముగా మరి 1123 చదరపు కిలోమీటర్లు గలవు. టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప, మోదుగ, వెదురు ఇచ్చటి చెట్లు. చుక్కల దుప్పి, కణితి, మనుబోతు, అడవిదున్న, ఎలుగుబంటి, చిరుత ఇచ్చటి నివాసులు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి అనుమతి లేక ఇట్టి అడవిలో అడుగు పెట్టరాదు. కావున విడిది చేయగోరువారు అడవి అంచుననే, అనుమతి గల చోటనే గుడారము వేసికొనవలెను.

గడచిన మాఘమాసమున మేము కొందరము మిత్రులము అట్లే రెండు గుడారములు వేసికొంటిమి. ప్రొద్దు గ్రుంకిన వెంటనే, విడిది అనగా నెగడు ఉండవలెనని తలచి, ఎండుపుల్లలు ప్రోగుచేసి నిప్పు పెట్టితిమి. పాటలు కూడ మొదలైనవి. అంతట అడవి కాపలాదారు వచ్చి మెల్లగా, “సారూ, ఆకు మొత్తం ఎండింది. ఒక్క రవ్వ ఎగిరితే మేము తెల్లారేదాంక ఉరకాలె. సల్లార్పుండ్రి” అనెను. మాకు సిగ్గు వేసినది. రెండు బిందెల నీళ్లు పోసి, బూడిదను కఱ్ఱతో కలియబెట్టి, చేతితో తాకి చూచి, అతడు పొమ్మన్న తరువాతనే మేమును కూర్చుంటిమి.

ఆ నీళ్లు పోయుటతోనే మా రాత్రి నిజముగా మొదలైనది. మొదట ఏమియు కనబడలేదు. ఇంచుమించు అరగంటకు కన్ను చీకటికి అలవాటు పడెను. టేకు కొమ్మల నడుమ నక్షత్రములు లెక్కపెట్టనలవి కాకుండ తోచెను. పిదప చెవి కూడ తెరచుకొన్నది. టేకాకు చాల పెద్దది. ఎండిన పిమ్మట దానిపై ఎలుక నడచినను పెద్దజంతువు వచ్చినట్లుండును. ఎక్కడనో గుడ్లగూబ పలికెను. నడిరేయి దాటిన తరువాత ఒక దుప్పి బిగ్గరగా, ఆగి ఆగి, హెచ్చరికగా అరచెను. దానికి బదులుగా దూరమున మరియొకటి అరచెను. తరువాత అంతయు నిశ్శబ్దము. అది చిరుతను చూచినదో, మరి దేనిని చూచినదో మాకు తెలియదు. పులిని మేము చూడలేదు.

కవ్వాలకు పులులు మహారాష్ట్రలోని తాడోబా మొదలగు అడవులనుండి, నదులు, పొలములు, బాటలు దాటి వచ్చుచుండును. వచ్చినవి ఇచ్చట కాపురముండుట అరుదు. వాటికి వేట కావలెను, నీరు కావలెను, మనుష్యుల అలికిడి లేని రాత్రియు కావలెను. అట్టి నెమ్మది కొఱకే ఇటీవలి సంవత్సరములలో మైసంపేట, రాంపూర్ గ్రామములవారు తరతరముల ఇండ్లు విడిచి నడిఅడవినుండి వెలుపలికి వచ్చిరి. వారు ఊరినే విడువగా, ఒక్కరాత్రి అతిథులమై పోయిన మనము పాటలపెట్టెను విడువలేమా? నిప్పు సంగతియు అంతే. మాఘ ఫాల్గుణములలో నేలమీది ఆకు అంటుకొన్నచో చిన్నమొక్కలు కాలిపోవును. నేలపై గ్రుడ్లు పెట్టు నెమళ్లకు, అడవికోళ్లకు చాటు లేకపోవును.

పగటివేళ చేయదగినవి చాల గలవు. తెల్లవారుజామున తోడు మనిషితో పక్షులను చూడ నడువవచ్చును. నిర్మల్ మార్గమున పోయి కడెం జలాశయము చూడవచ్చును. తిరుగుదారిలో మంచిర్యాల దాటి, మందమర్రి చేరువనున్న బొక్కలగుట్ట వద్ద గాంధారి ఖిల్లా ఎక్కవచ్చును. ఏటేట మాఘమాసమున నాయకపోడులు అచ్చట గాంధారి మైసమ్మ జాతర చేయుదురు. గోదావరి ఒడ్డున శివారము అభయారణ్యమున మొసళ్లు గలవు. వాటిని దూరమునుండియే చూచుట మేలు.

మరునాడు మంచిర్యాలకు తిరిగి వచ్చునప్పుడు బొగ్గులారీలు ఎదురైనవి. ఆ బొగ్గు కూడ ఒకప్పుడు అడవియే. గోదావరి లోయలో 25 కోట్ల సంవత్సరములకు పూర్వము పెరిగిన గ్లాసోప్టెరిస్ వంటి చెట్లు నేలలో కూరుకొనిపోయి బొగ్గైనవి. మన రాత్రులను వెలిగించుచున్నది ఆ అడవియే. అది మరల మొలవదు. దానిపైనున్న ఈ అడవికైనను దాని చీకటిని దానికి విడిచిపెట్టుట న్యాయము.

కార్తికమున ఉసిరిచెట్టు క్రింద వనభోజనము చేసి, మోదుగాకు విస్తళ్లు తప్ప మరేమియు విడువక వచ్చుట మన పెద్దలు ఎరిగిన పద్ధతియే. అడవికి పోవువారు వండిన అన్నము, నీళ్లు, ఒక చిన్నదీపము వెంట తీసికొనిపోవలెను. తెచ్చిన ప్లాస్టిక్ సంచిని తిరిగి తీసికొనిరావలెను. పాటలపెట్టెను, రేడియోను ఇంటనే ఉంచవలెను. రేడియో ఉద్యోగులమై యుండియు ఈ మాట మనస్ఫూర్తిగా చెప్పుచున్నాము.