గృహములందు విద్యుచ్ఛక్తి: ఆపదలు, జాగ్రత్తలు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లుగా ఈ యూరివారికి చదువు రుచి చూపుచున్న గ్రంథాలయమునకు రజతోత్సవము జరుగు శుభవేళ, కావ్యమును గూర్చియో పురాణమును గూర్చియో మాటలాడుట సభకు తగునని కొందరికి తోచవచ్చును. కాని ప్రొద్దు గ్రుంకిన పిమ్మట మనము పుస్తకము విప్పునది ఏ వెలుతురున? ఆ వెలుతురు నిచ్చు శక్తిని గూర్చి నాలుగు మాటలు చెప్పుట గ్రంథాలయధర్మమునకు వెలి కాదని తలచి ఈ విషయము నెన్నుకొంటిని.

ఒకప్పుడు పల్లెయింట విద్యుత్తు అనగా ఒకటి రెండు దీపములే. నేడు పంకా, నీటి మోటారు, కూలరు, ఫ్రిజ్జు, ఇస్త్రీపెట్టె, నీళ్లు కాచు హీటరు కడ్డీ లేని యిల్లు అరుదు. సామాను పెరిగినంతగా వానిని గూర్చిన యెరుక పెరుగలేదు. తడిబట్టలు దండెముపై వేయబోయి యిల్లాలు కూలుట, ఆమెను లేవదీయబోయిన భర్తయు, వారిని పట్టుకొన్న బిడ్డయు ఆ త్రోవనే పోవుట, ఇట్టి వార్తలు వానకాలమున పత్రికలలో చదువుచునే యున్నాము. ఇది విధి వ్రాత కాదు. తెలిసికొన్నచో తప్పించుకొనదగిన ఆపద.

మనలో పాతుకొన్న భ్రమ యొకటి కలదు. “ఇంటిలో ఫ్యూజు ఉన్నది గదా, ప్రమాదము వచ్చినచో అదియే పోవును” అని చాలమంది ధైర్యము. ఫ్యూజు కాపాడునది తీగను, మనిషిని కాదు. తీగలో ప్రవాహము మితిమీరి కాగి, యిల్లు అంటుకొనకుండ చూచుటయే దాని పని. ఇప్పుడు ఫ్యూజునకు బదులుగా పెట్టుచున్న ఎం.సి.బి. పనియు నదియే.

లెక్క వేసి చూతము. మన యిండ్లకు వచ్చునది 230 వోల్టుల విద్యుత్తు. తడిసిన దేహపు నిరోధము సుమారు 1000 ఓములు అనుకొన్నచో, తీగను తాకిన వాని దేహములో ప్రవహించునది 230 మిల్లీ ఆంపియర్లు. 60 వాట్ల పాత గాజు బుడ్డి దీపము పుచ్చుకొనునది 260. అనగా, ఒక చిన్న దీపము వెలుగుటకు చాలనంతటి ప్రవాహము నిండు ప్రాణము తీయుటకు చాలును. ఇక 5 ఆంపియర్ల ఫ్యూజు 5000 మిల్లీ ఆంపియర్లు దాటినగాని కరుగుటకు మొదలిడదు. మనిషి నేలగూలినను ఆ ఫ్యూజు చెక్కుచెదరక నిలిచియుండును.

అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఛార్లెస్ డాల్జియల్, ఇష్టపడి ముందుకు వచ్చిన వారిపై ప్రయోగములు చేసి, పట్టుకొన్న తీగను మనిషి తనంతట తాను ఎంత ప్రవాహము వరకు విడువగలడో కొలిచెను. పురుషులకు సగటున 16 మిల్లీ ఆంపియర్లు, స్త్రీలకు సుమారు 10 మాత్రమే అని తేలినది. అది దాటినచో కండరములు బిగుసుకొని చేయి విడివడదు. “కరెంటు పట్టి లాగినది” అని మనవా రనునది దీనినే. లాగుట కాదు, పిడికిలి బిగిసిపోవుట.

మరి మనిషిని కాపాడున వేవి? రెండు: ఎర్తు, ఆర్.సి.సి.బి.

మూడు పిన్నుల ప్లగ్గులో లావుగా, పొడవుగా నుండు పిన్ను ఎర్తుది. ప్లగ్గు పెట్టునపుడు ముందు అది తగులవలెననియు, తీయునపుడు చివర విడివడవలెననియు దానిని పొడవుగా చేసిరి. మోటారులోని ఫేజు తీగ ఒరసి లోహపు తొడుగునకు తగిలినచో, ప్రవాహము ఎర్తు తీగ గుండా భూమిలోనికి పోవును. ఆ త్రోవ మొత్తము నిరోధము 10 ఓములైనచో 23 ఆంపియర్లు ప్రవహించి 5 ఆంపియర్ల ఫ్యూజు వెంటనే పోవును. వేసవిలో ఎర్తు గొయ్యి ఎండి నిరోధము 50 ఓములకు పెరిగినదనుకొనుడు. అప్పుడు ప్రవహించునది 4.6 ఆంపియర్లే. ఫ్యూజు పోదు, మోటారు తొడుగు మృత్యువై కూర్చుండును. గొట్టము పాతి, బొగ్గు ఉప్పు పొరలు వేసి, ఎండకాలమున నీరు పోయుచుండుమని పెద్దలు చెప్పుటలోని మర్మ మిదియే. ఎర్తు పిన్ను విరుగగొట్టి రెండు రంధ్రముల సాకెట్టులో దూర్చువారు తమ కాపలావానిని తామే సాగనంపుచున్నారు.

రెండవది ఆర్.సి.సి.బి. ఫేజులో పోయిన ప్రవాహమంతయు న్యూట్రలులో తిరిగి వచ్చుచున్నదా లేదా అని ఇది అనుక్షణము సరిచూచుకొనును. మనిషి దేహము గుండా గాని, తడిగోడ గుండా గాని 30 మిల్లీ ఆంపియర్లు దారితప్పినచో, సెకనులో మూడవ వంతు కూడ గడువకముందే సరఫరాను త్రుంచివేయును. దెబ్బ తగులును గాని ప్రాణము నిలుచుటకు అవకాశ ముండును. పైని చెప్పిన ఎండిన గొయ్యి సందర్భమునను ఇది పనిచేయును. అయితే ఒకే మారు ఒక చేత ఫేజును, మరియొక చేత న్యూట్రలును పట్టుకొన్న వానిని ఇదియు కాపాడలేదు. ఇది ఫ్యూజునకు బదులు కాదు, తోడు. కొనునపుడు 30 మిల్లీ ఆంపియర్లదే అడుగుడు. దానిపైనున్న టెస్టు మీటను నెలకొకసారి నొక్కి చూడుడు. నొక్కినను పడనిచో వెంటనే మార్పింపుడు.

ఇక గృహిణులు, యువకులు స్వయముగా చేయదగిన పనులు చెప్పెదను. బట్టల దండెమునకు ఇనుప తీగ మాని నైలాను త్రాడు కట్టుడు. దానిని సర్వీసు తీగకు, రేకుల కప్పునకు దూరముగా నుంచుడు. హీటరు కడ్డీ బక్కెటలో నున్నంతసేపు నీటిలో వ్రేలు పెట్టి వేడి చూడరాదు. ముందు స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, పిదపనే నీటిని తాకుడు. ఇనుప కూలరులో నీరు పోయునపుడును ఇదియే నియమము. ఫ్యూజు మరల వేయునపుడు మెయిన్ స్విచ్చి ఆపి, తగిన ఆంపియర్ల తీగనే వాడుడు. లావుపాటి రాగితీగ చుట్టినచో ఇల్లు కాలువరకు అది కరుగదు.

చేయరాని పనులకును హద్దు కలదు. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలలో 45వది, దీపము, పంకా, ఫ్యూజు, స్విచ్చి వంటివి ఉన్నదానికి బదులుగా మార్చుకొనుటను తప్ప, తక్కిన వైరింగు పని యంతయు లైసెన్సుగల కాంట్రాక్టరుచేతనే జరుగవలెనని శాసించెను. తరువాత వచ్చిన నిబంధనలును ఆ హద్దును నిలిపినవి. ఇది మన తెలివిని శంకించుట కాదు, మన ఆయువును కోరుట. ట్రాన్స్‌ఫార్మరుపై 11,000 వోల్టుల తీగ లుండును. పైరు ఎండిపోవుచున్నదను తొందరలో ఫ్యూజు వేయుటకు రైతు తానే అందు చేయి పెట్టరాదు. ఒక తడి పోయినచో ఒక పంటకు నష్టము, మనిషి పోయినచో ఆ సంసారమునకే నష్టము.

ఎవరైన విద్యుత్తు పట్టి పడియున్నచో వట్టి చేతులతో తాకవలదు. ముందు మెయిన్ స్విచ్చి ఆపుడు. అది అందనిచో ఎండిన పలకపై నిలిచి ఎండిన కర్రతో తీగను తొలగింపుడు. ఇది ఇంటి విద్యుత్తునకే. హైటెన్షన్ తీగ విషయమున కర్రయు రక్షింపదు. దూరముగా నిలిచి 1912కు తెలుపుడు. విడిపించిన మనిషి ఊపిరి తీయనిచో, 108ని పిలిపించి, రొమ్ము నడుమ రెండు చేతులతో నిమిషమునకు 100 నుండి 120 మార్లు, 5 సెంటీమీటర్ల లోతున నొక్కుచుండుడు. ఆంబులెన్సు వచ్చువరకు ఆపవలదు.

కార్యవర్గము వారికి ఒక మనవి. గ్రంథాలయమున ఒక పుస్తకము తెరచి, ప్రతి యింటికి ఒక పుట కేటాయించి, ఎర్తు సరిచూచిన తేది, ఆర్.సి.సి.బి. కలదా లేదా, దండెము మార్చినారా అను మూడు వివరములు వ్రాయింపుడు. ఏటేటా వేసవి మొదట, మరల తొలకరికి ముందు, చదువుకొన్న యువకులు లైసెన్సుగల పనివానిని వెంటబెట్టుకొని ఇంటింటికి పోయి ఆ పుటలు నింపినచో, ఈ బీరువాలలోని గ్రంథము లన్నిటి సరసన నిలువదగిన గ్రంథ మది కాగలదు.