తిరిగి వచ్చు త్రోవ: యూదుల నీతిగ్రంథములు



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినప్పుడు బీరువాలలోని పుస్తకములను లెక్కించుట సులభము. వానిని చదివినవారి నడవడిలో ఏమి మారినదో లెక్కించుట కష్టము. ఈ రెండవ లెక్కకు యూదుల నీతిగ్రంథములు చక్కని కొలబద్దను చూపుచున్నవి.

యూదమతము తెలుగునేలకు బొత్తిగా పరాయిది కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు మండలమున కొత్తరెడ్డిపాలెమను గ్రామము కలదు. అచటి బెనె ఎఫ్రాయీము అను తెలుగు కుటుంబములవారు 1991లో ప్రార్థనామందిరము నెలకొల్పుకొనిరి. శనివారమును విశ్రాంతిదినముగా పాటించుచు, హీబ్రూ భాష నేర్చుకొనుచున్నారు. యూదుల మూలగ్రంథమైన ధర్మశాస్త్రము తెలుగు బైబిలులోని మొదటి ఐదు కాండములే గనుక, అది తెలుగు చదువరులకెల్లరకు అందుబాటులో నున్నది.

అందు లేవీయకాండము 19వ అధ్యాయమును ఏటూరునాగారపు రైతు చదివినచో, తన పొలముగట్టునే నిలిచి చదివినట్లు తోచును. కోతవేళ చేని అంచులను పూర్తిగా కోయరాదు. పరిగెను బీదలకు, పరదేశులకు విడువవలెను. కూలివాని కూలి తెల్లవారువరకు తనయొద్ద నుంచుకొనరాదు. త్రాసు, రాళ్లు, కొలపాత్రలు సరిగా నుండవలెను. దానమునకు యూదులు వాడు ‘త్సెదకా’ అను పదమునకు మూలార్థము న్యాయము. బీదవానికి ఇచ్చునది వానికి చెందవలసిన భాగమేయని దాని భావము.

ఇట్టి ధర్మమును తప్పినవాడు మరల మంచివాడగుటెట్లు? ఆ మార్పునకు వారు పెట్టిన పేరు ‘తెషువా’. అనగా తిరిగి వచ్చుట. ఏటేట ప్రాయశ్చిత్తదినమున యూదులు ఉపవసించి దైవమును వేడుకొందురు. అయితే క్రీ.శ. 200 ప్రాంతమున కూర్చబడిన మిష్నా గ్రంథము ఒక నియమము విధించినది. దైవమునెడ చేసిన తప్పునకు ఆ దినము ప్రాయశ్చిత్తమగును. తోడిమనుష్యునెడ చేసిన తప్పు మాత్రము, ఆ మనుష్యుని సమాధానపరచువరకు తీరదు.

స్పెయినులో జన్మించి, ఈజిప్టులో వైద్యుడై, 1204లో మరణించిన మైమొనిడీస్ పండితుడు దీనిని విపులపరచెను. అపహరించిన ధనము తిరిగియిచ్చి ఊరకుండరాదు. వానిని క్షమాపణ కూడ కోరవలెను. అతడు మన్నింపనిచో ముగ్గురు మిత్రులను తోడ్కొని పోవలెను. అప్పటికిని కాదన్నచో రెండవమారు, మూడవమారు పోవలెను. క్షమింపుమని అడుగబడినవాడును కఠినుడు కారాదు. అదే తప్పు చేయుటకు అదే అవకాశము, అదే శక్తి మరల కలిగినను చేయకుండుటయే నిజమైన పశ్చాత్తాపమునకు గుర్తు.

గట్టు తగాదాతో ఏండ్లతరబడి పలుకరించుకొనని అన్నదమ్ములు లేని ఊరు అరుదు. మిరపకోత ముగిసినను కూలి అందక తిరుగువారును కలరు. అట్టిచోట ఈ గ్రంథములను చదివిన వానికి పుణ్యకథ విన్న తృప్తి చాలదు. పుస్తకము మూసిన సాయంకాలమే బాకీపడిన కూలి చెల్లించినచో, మాటలు మానిన అన్న గడప తొక్కినచో, ఆ చదువు చదువైనట్లు. ఇరువదియైదేండ్ల ఈ గ్రంథాలయసేవకు అంతకుమించిన జమ మరియొకటి లేదు.