బొమ్మ ఉంది, పేరు లేదు
(ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



సాంస్కృతికోత్సవమంటే పద్యమో పాటో నాట్యమో ఉండాలి గాని, కంప్యూటరులో ఫొటోలు చూసుకోవడం మీద ఉపన్యాసమేమిటని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. కార్యవర్గంవారు ఈ విషయం మీద మాట్లాడమన్నప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. కాని మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతి నా అభిప్రాయాన్ని మార్చింది. దానితోనే మొదలుపెడతాను.

మా మనుమడు ఒక రోజు కంప్యూటరు ముందు కూర్చుని ఇంటి ఫొటోలు వరుసగా చూస్తున్నాడు. ఉన్నట్టుండి, "తాతయ్యా, 2009లో కూడా ఫొటోలకు రంగులు లేవా?" అని అడిగాడు. వెళ్ళి చూశాను. తెరమీద మా నాన్నగారి ఫొటో. పడవలరేవు దగ్గర అయిదుగురు యువకులు, చేతుల్లో భోజనం క్యారేజీలు, వెనుక పడవ, దాని వెనుక సముద్రం. ఆ ఫొటో కింద కంప్యూటరు వేసిన సంవత్సరం 2009. మా నాన్నగారు పోయి అప్పటికే చాలా ఏళ్ళయింది!

కంప్యూటరు అబద్ధం చెప్పలేదు. దానికి తెలిసినది అది చెప్పింది. పాత ఆల్బములన్నీ నేను 2009లో ఒక దుకాణంలో ఇచ్చి స్కాను చేయించాను. ఆ ఫైలు పుట్టిన తేదీ అది. ఫొటో పుట్టిన తేదీ వేరు. దుకాణంవారు బొమ్మవైపు స్కాను చేశారు గాని వెనుకవైపు చూడలేదు. నేనూ చూడమని చెప్పలేదు. ఆల్బములోంచి ఆ ఫొటోను మెల్లగా ఊడదీసి తిప్పి చూస్తే, పెన్సిలుతో మా నాన్నగారి దస్తూరి: "ఆయెర్ చవాన్, 1971 సంక్రాంతి." కింద అయిదుగురి ఇంటిపేర్లు. వాటిలో మూడే చదవడానికి వీలుగా ఉన్నాయి. మిగిలిన రెండూ జిగురుకు అంటుకుని చెరిగిపోయాయి.

ఆయెర్ చవాన్ అంటే ఏమిటో ఇక్కడి పిల్లలకు తెలియకపోవచ్చు. అది ఒక దీవి పేరు. మలయు భాషలో దీవిని 'పులావ్' అంటారు. మనం తినే పులావ్ కాదు! సింగపూరుకు నైరుతి దిక్కున పులావ్ ఆయెర్ చవాన్, పులావ్ ఆయెర్ మెర్బావ్, పులావ్ మెర్లిమావ్, పులావ్ పెసెక్, పులావ్ పెసెక్ కెచిల్, పులావ్ సక్రా, పులావ్ సెరాయా అని ఏడు ముఖ్యమైన దీవులు ఉండేవి. మలయు జాలరుల ఇళ్ళుండిన చోటు అది. 1970ల నాటికే వాటిలో కొన్నింటిమీద చమురుశుద్ధి కర్మాగారాలు వచ్చాయి. పనివారు పడవలెక్కి వెళ్ళేవారు. తరువాత ప్రభుత్వంవారు ఈ దీవుల మధ్యనున్న సముద్రాన్ని పూడ్చి అన్నింటినీ ఒకటి చేశారు. 1999లో భూభాగానికి వారధి కలిసింది. 2000 అక్టోబరు 14న జురాంగ్ ఐలాండ్ అధికారికంగా ప్రారంభమైంది. పూడిక పని 2009లో ముగిసింది. మొదట అన్నీ కలిపి సుమారు 10 చదరపు కిలోమీటర్లున్న నేల 32 చదరపు కిలోమీటర్లకు పెరిగింది.

అంటే మా నాన్నగారి ఫొటోలో వెనుక కనిపిస్తున్న సముద్రంలో చాలా భాగం ఇవాళ నేల. దానిమీద లారీలు తిరుగుతున్నాయి. అదే దీవిలో నేను కూడా చాలా ఏళ్ళు ఉద్యోగం చేశాను. ఆయన పడవలో వెళ్ళిన చోటికి నేను బస్సులో వెళ్ళాను. కాని నా ఉద్యోగ కాలానికి సంబంధించి ఒక్క ఫొటో కూడా లేదు. 2001 నుండి జురాంగ్ ఐలాండ్ రక్షిత ప్రాంతం. పాసు లేనిదే లోపలికి పోలేము, అనుమతి లేనిదే ఫొటో తీయకూడదు. అది సబబైన నియమమే. అయితే దానివల్ల ఏమైందంటే, మన తెలుగువారు వందలకొద్దీ అక్కడ వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, ఇంజనీర్లుగా పనిచేసినా, ఇళ్ళలోని ఆల్బముల్లో మాత్రం ఆ దీవి లేదు. పుట్టినరోజులున్నాయి, పెళ్ళిళ్ళున్నాయి, తిరుపతి ప్రయాణాలున్నాయి. ఆ ఖర్చులన్నీ భరించిన పని మాత్రం కనబడదు.

కనుక ఉన్న కొద్ది ఫొటోలకైనా పేరు, ఊరు, తేదీ మిగిలేటట్టు చూసుకోవడం మన బాధ్యత. నేను ఇవాళ చెప్పదలచినది ఇంతే. బొమ్మను యంత్రం కాపాడుతుంది. బొమ్మలోని మనిషిని కాపాడవలసినవాళ్ళం మనం.

ఇక ఆ యంత్రం పనిచేసే తీరు కొంచెం చెప్పుకుందాం. మొదటి డిజిటల్ కెమెరాను కోడక్ సంస్థలో స్టీవెన్ సాసన్ అనే ఇంజనీరు 1975లో తయారుచేశాడు. అందులో బొమ్మకు పదివేల చుక్కలే. ఒక్క బొమ్మను క్యాసెట్టు టేపుమీదికి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. ఆ 1975లోనే సింగపూరు తెలుగు సమాజం ఏర్పడింది. రెంటికీ చుట్టరికం లేదు గాని ఈడు మాత్రం ఒకటే. ఇవాళ మన ఫోను తీసే ప్రతి ఫొటో లోపల, బొమ్మతో పాటు ఒక చిన్న చీటీ కూడా దాగి ఉంటుంది. ఎక్సిఫ్ అనే ఈ పద్ధతి జపానులో 1995లో రూపుదిద్దుకుంది. ఏ తేదీన, ఏ గంటకు, ఏ కెమెరాతో తీశారో, జి.పి.ఎస్. తెరిచి ఉంటే ఏ చోట తీశారో కూడా ఆ చీటీలో ఉంటుంది. ఫొటోలను చూపే ప్రోగ్రాములన్నీ ముందు ఈ చీటీనే చదివి, బొమ్మలను వరుసలో పేరుస్తాయి.

చీటీ తప్పయితే వరుస తప్పుతుంది. దీనికి పెళ్ళి ఫొటోలకన్న మంచి ఉదాహరణ లేదు. ఇక్కడినుండి విశాఖపట్నం పెళ్ళికి వెళతాము. ఫోను అక్కడ దిగగానే భారతదేశపు వేళకు మారుతుంది. కెమెరా మాత్రం సింగపూరు వేళలోనే ఉంటుంది. తేడా రెండున్నర గంటలు. తిరిగివచ్చి అన్ని ఫొటోలనూ ఒకచోట వేసి చూస్తే, విందు భోజనాలయ్యాక తాళి కట్టినట్టు కనబడుతుంది! దీనికి కంగారు పడనక్కరలేదు. చాలా ప్రోగ్రాములలో ఆ కెమెరా ఫొటోలన్నింటినీ ఒక్కసారిగా ఎంచుకుని, వేళను రెండున్నర గంటలు వెనక్కి జరపవచ్చు. తాళి తన ముహూర్తానికి తాను వస్తుంది.

స్కాను చేసిన పాత ఫొటోలకు చేయవలసినది మరొకటి. ఫొటో తీసిన తేదీ అనేచోట అసలు సంవత్సరం మనమే వేయాలి. పూర్తి తేదీ తెలియకపోతే ఆ సంవత్సరం జనవరి 1 అని వేసి, వివరణలో "సుమారు 1971" అని రాస్తే సరిపోతుంది. వెనుక రాత ఉంటే ఆ వెనుకవైపును కూడా స్కాను చేసి, బొమ్మ పక్కనే అదే పేరుతో ఉంచండి. నా పొరపాటు మీరు చేయవద్దు.

తరువాత చోటు సంగతి. మా నాన్నగారి ఫొటోను కంప్యూటరులోని మ్యాపు మీద గుర్తుపెడితే, దాని కింద వెంటనే "జురాంగ్ ఐలాండ్" అని పడింది. ఇవాళ్టి లెక్కకు అది నిజమే. కాని 1971లో ఆ పేరుతో దీవి లేదు. ఏడు దీవుల ఫొటోలను ఎక్కడ గుర్తుపెట్టినా మ్యాపు ఒకే పేరు చెబుతుంది. పాత పేర్లు ఇప్పుడు సక్రా, సెరాయా, మెర్లిమావ్ అని ఆ దీవిలోని రోడ్లకు మిగిలాయి. కనుక వివరణలో "పులావ్ ఆయెర్ చవాన్, నేటి జురాంగ్ ఐలాండ్" అని రెండూ రాశాను. మీ తాతలు మలయా తోటల నుండి వచ్చినవారైతే, ఆ తోట పేరు కూడా ఇలాగే రాయండి. తోటలు పోయి ఇళ్ళ వరుసలు వచ్చినచోట మ్యాపులో ఆ పేరు మీకు దొరకదు.

అన్నిటికన్న చిక్కు మనుషుల పేర్లతో వస్తుంది. నేటి ప్రోగ్రాములు ముఖాలను పోల్చి, "ఈయన, ఆయన ఒకరేనా?" అని అడుగుతాయి. మా ఇంట్లో అది మా నాన్నగారిని, మా తమ్ముణ్ణి ఒకే మనిషిగా లెక్కగట్టింది. మా మేనత్త అది చూసి, "నేను మొదటినుండీ అంటూనే ఉన్నాను, వీడిది అచ్చం అన్నయ్య మొహమేనని!" అని మురిసిపోయింది. మురిసిపోయినా సరే, పేర్లు మాత్రం విడదీయాలి.

ఇక్కడ మన తెలుగువాళ్ళకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. మనం పేరు పెట్టి పిలవము. ఫొటో కింద 'అమ్మమ్మ' అని రాస్తాము, 'పెద్దత్తయ్య' అని రాస్తాము. నాకు అమ్మ అయిన మనిషి నా మేనల్లుడికి అమ్మమ్మ, మా మరదలికి అత్తగారు, మా మనుమడికి తాతమ్మ. ఒక్క మనిషికి నాలుగు పేర్లయితే యంత్రం నలుగురనుకుంటుంది. రెండు తరాలు గడిస్తే ఎవరికి అమ్మమ్మో చెప్పేవారే ఉండరు. కనుక వరసలు నోటితో పిలుచుకుందాం. ఫొటోకు మాత్రం ఇంటిపేరుతో సహా అసలు పేరు రాద్దాం. ఆడవారికి అత్తింటి ఇంటిపేరుతోపాటు పుట్టింటి పేరు కూడా రాయండి. పుట్టింటి పేరు పోతే సగం వంశం పోయినట్టే. తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాలలో ఒకసారి రాస్తే, తెలుగు చదవడం రాని మన పిల్లలు వెతికినా దొరుకుతుంది.

ఇంత శ్రమపడి రాసినది ఎక్కడ ఉంటుందో కూడా తెలుసుకోవాలి. కొన్ని ప్రోగ్రాములు మనం రాసినదాన్ని ఫొటో ఫైలులోనే రాస్తాయి. కొన్ని తమ సొంత పద్దుపుస్తకంలో రాసుకుంటాయి. ప్రోగ్రాము ఆగిపోతే ఆ పద్దు అక్కరకు రాదు. మనలో చాలామంది ఇష్టంగా వాడిన పికాసాను 2016లో నిలిపివేశారు. ప్రోగ్రాములు వస్తుంటాయి, పోతుంటాయి. అందుచేత 'వివరాలను ఫైలులోనే రాయుము' అనే ఏర్పాటు ఎక్కడుందో వెతికి తెరిచి ఉంచండి. ఉచితంగా దొరికే డిజికామ్ వంటి వాటిలో ఆ ఏర్పాటు ఉంది. వాట్సాప్‌లో ఫొటోను మామూలుగా పంపితే లోపలి చీటీ చిరిగిపోతుంది, బొమ్మ నాణ్యత కూడా తగ్గుతుంది. బంధువులకు అసలు ఫొటో చేరాలంటే డాక్యుమెంటుగా పంపండి. అయితే పదిమందీ చూసే చోట పెట్టే ఫొటోల నుండి మాత్రం ఇంటి చోటు చెప్పే జి.పి.ఎస్. వివరం తీసివేయడం మంచిది.

ప్రతిదానికీ మూడు ప్రతులు ఉంచండి. రెండు రకాల సాధనాల మీద ఉంచండి. ఒక ప్రతి ఇంట్లో కాక మరొక చోట ఉండాలి. ఆవకాయ జాడీలు పంచినట్టు అన్నదమ్ముల ఇళ్ళకు తలా ఒక హార్డ్ డిస్క్ పంచినా సరే.

ఈ పని ఒక్కరు చేయగలిగినది కాదు. ఇక్కడి నేషనల్ ఆర్కైవ్స్‌వారే 2015లో ప్రజలను పిలిచి, వివరాలు లేని తమ పాత ఫొటోలలో ఏముందో చెప్పమని అడిగారు. ప్రభుత్వానికే పదిమంది జ్ఞాపకం కావలసివస్తే, మనమెంత? అందుకే దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక ఇంట్లో పెద్దవారిని తెర ముందు కూర్చోబెట్టండి. ఫొటోలు ఒక్కొక్కటే పెద్దవి చేసి చూపండి. పిల్లల చేత పేర్లు రాయించండి. తొందరపెట్టకండి. మా మేనత్త ఒక్క ఫొటో దగ్గర ముప్పావుగంట ఆగింది. ఆ ముప్పావుగంటలో మా నాన్నగారు ఆ సంక్రాంతినాడు సెలవు దొరకక పనికి వెళ్ళారనీ, నాయనమ్మ అరిసెలు క్యారేజీలో పెట్టి పంపిందనీ, పడవలో అందరూ పంచుకుని తిన్నారనీ చెప్పింది. ఆ మాటలు విన్నాక మా మనుమడు ఫొటో తేదీ దిద్దాడు. 2009 తీసి 1971 వేశాడు. వివరణలో ఎవరూ చెప్పకుండానే "క్యారేజీలో అరిసెలు" అని రాశాడు.

నాలాగే ఫొటో లేని ఉద్యోగం చేసినవారికి ఒక మనవి. లోపల ఫొటో తీయలేకపోయినా, మీ పాత హెల్మెట్టును, బూట్లను, క్యారేజీని ఇంట్లో ఫొటో తీయండి. కింద మీ పేరు, చేసిన పని, ఏ సంవత్సరం నుండి ఏ సంవత్సరం వరకు చేశారో రాయండి. మీ మనుమలకు అది చాలు.

చివరగా ఒక చిన్న విన్నపం. మా నాన్నగారి ఫొటోలో మూడు ఇంటిపేర్లు వెనుక చదివాము. నాలుగో మనిషిని మా మేనత్త గుర్తుపట్టింది. కుడి చివర నిలబడి, నవ్వు ఆపుకుంటున్నట్టున్న అయిదో మనిషి ఎవరో ఇప్పటికీ తెలియలేదు. ఆ ఫొటోను పెద్దదిగా వేయించి ద్వారం పక్కనున్న బల్లమీద ఉంచాను. వెళ్ళేటప్పుడు దయచేసి ఒక్క నిమిషం ఆగి చూడండి. ఆయన మీ తాతగారో, మీ పెద్దనాన్నగారో అయి ఉండవచ్చు. అయితే పక్కనే పెన్సిలు కూడా పెట్టాను.