అడవికి నిప్పు - ఆకాశమునుండి కాపలా
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లు ఒక గ్రంథాలయమును నిలుపుట సామాన్యమైన పని కాదు. పుస్తకములను చెదలనుండియు, తడినుండియు, నిప్పునుండియు కాపాడిన మీ యెదుట నేడు నేను అడవిని నిప్పునుండి కాపాడుటను గూర్చి నాలుగు మాటలు చెప్పబూనితిని.

చైతన్యపురికిని అడవికిని సంబంధమేమని మీరడుగవచ్చును. విజయవాడ మార్గమున కొలది దూరము పోయినచో వనస్థలిపురము చెంత మహావీర హరిణ వనస్థలి కలదు. కృష్ణజింకలకు ఆశ్రయమైన ఆ వనము 1975లో ఏర్పడి 1994లో జాతీయోద్యానమైనది. వేసవిలో అచటి ఎండుగడ్డి అంటుకొనుటకు ఒక్క బీడీముక్క చాలును. ఇక మీలో పలువురి బంధువర్గము నల్లగొండ, మహబూబ్‌నగర్ దిక్కుల నున్నది. ఆ దిక్కుననే నల్లమల. అందు అమ్రాబాదు పులుల రక్షిత ప్రాంతమే 2,611 చదరపు కిలోమీటర్లు.

మన అడవులు చాలవరకు ఆకు రాల్చునవి. మాఘ ఫాల్గుణములలో ఎండుటాకు నేలపై పరుపువలె పేరుకొనును. దానికి నిప్పంటినచో మంట నేలబారున పాకిపోవును. పెద్ద చెట్లు పచ్చగనే నిలుచును గనుక నష్టము కంటికి కనబడదు. కాని ఆ యేటి మొలకలన్నియు మాడిపోవును. నేల బోసిపోయి తొలకరి వానకు మన్ను కొట్టుకొనిపోవును. ఏటేట ఇట్లే జరిగినచో ముదుసలి చెట్లకు వారసులుండరు.

ఈ నిప్పు ఎచటినుండి వచ్చుచున్నది? మన దేశమున అడవి మంటలలో నూటికి 95 వంతులు మనుష్యుల చేతివలననే పుట్టుచున్నవని భారత అటవీ సర్వేక్షణ సంస్థ అంచనా. ఇప్పపూవు ఏరుటకు చెట్టుక్రింద ఆకు కాల్చువారు కొందరు. తునికికి లేత ఆకు వచ్చునని నిప్పు పెట్టువారు కొందరు. పశువులకు క్రొత్త గడ్డి మొలచునని తలచువారు మరికొందరు. వీరు దుర్మార్గులు కారు. పొట్టకూటికై అడవిని నమ్ముకొన్నవారు.

కాపలాకు శాస్త్రము నేడు ఆకాశమునుండి సాయపడుచున్నది. ఉపగ్రహములందలి పరికరములు నేల వేడిని కొలిచి, చుట్టుపట్లకంటె మిక్కిలి వేడియైన తావును గుర్తించును. మన బాలానగరునందలి జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రమునకు షాద్‌నగరులో ఉపగ్రహ సమాచారమును అందుకొను స్థావరము కలదు. డెహ్రాడూనునందలి అటవీ సర్వేక్షణ సంస్థ 2004 నుండి మంటల జాడను రాష్ట్రములకు తెలుపుచున్నది. ఆ తావు ఏ బీటులోనిదో అటవీ పటముతో సరిచూచి, సెల్‌ఫోనుకు సందేశము పంపుదురు. మొదటి పరికరము ఒక కిలోమీటరు గడిగా నేలను చూచెడిది. 2011లో ఎగసిన ఉపగ్రహములోనిది 375 మీటర్ల గడిగా చూడగలిగినది.

అయినను ఉపగ్రహము రోజునకు కొన్ని మారులే మన మీదుగా పోవును. అది దాటిన పిదప అంటుకొన్న మంట మరల వచ్చువరకు దానికి తెలియదు. మబ్బు అడ్డమైనచో చూపానదు. అన్నిటికంటె ముఖ్యముగా, అది చూడగలదే గాని ఆర్పజాలదు. 2014 మార్చిలో శేషాచలమున తిరుమల చేరువ మంటలు చెలరేగినపుడు వాయుసేన హెలికాప్టర్లను రప్పింపవలసి వచ్చినది. ప్రతి గుట్టకును హెలికాప్టరు రాజాలదు గదా!

కావున ప్రభుత్వ కార్యక్రమములలో నేలమీది పనియే ప్రధానము. వేసవికి ముందే గడ్డి, ఆకు తొలగించి అగ్నిరేఖలు తీయుదురు. పాకివచ్చిన మంట అచట మేత లేక చల్లారును. వేసవి నెలలకు కాపలాదారులను నియమింతురు. ఆకును ఊదివేయు యంత్రములను వీపున తగిలించుకొని సిబ్బంది మంటకు అడ్డముగా బాట చేయుదురు. ఈ పనులకై అటవీ అగ్ని నివారణ పథకమున నూటికి 60 పాళ్లు కేంద్రమును, 40 పాళ్లు రాష్ట్రమును భరించు ఏర్పాటు కలదు. 1992 నుండి ఏర్పడుచు వచ్చిన వన సంరక్షణ సమితులు గ్రామస్థులను ఇందు భాగస్వాములను చేసినవి.

రిజర్వు అడవిలో నిప్పు పెట్టుట 1967 నాటి అటవీ చట్టము ప్రకారము నేరము. కాని శిక్షాభయమొక్కటియే చాలదని నా మనవి. తునికి పొదలను అదనుకు నరికినచో నిప్పు లేకయే లేత ఆకు వచ్చును. ఆ పనికిని, కాపలాకును కూలి సకాలమున ముట్టవలెను. కడుపు నిండినవాడు అగ్గిపుల్ల గీయుటకు ముందు ఆలోచించును. కోట్ల వెలగల ఉపగ్రహము పంపిన వార్త, చివరకు పచ్చికొమ్మతో మంటను కొట్టు కూలివాని చేతిలోనే సఫలమగును.

పాఠకులారా! వేసవిలో స్వగ్రామములకు పోవునపుడు ఈ మాటలను చదువురానివారికి వినిపింపుడు. పొగ కనబడినచో అటవీ సిబ్బందికి వెంటనే తెలుపుడు. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి నేటి మొలకలు నీడనిచ్చు చెట్లై యుండవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.