గొల్లభామ రొయ్యను గుర్తించు విధము

(మంగళగిరిలో గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో ప్రచార శాఖాధికారి చేసిన ప్రసంగ పాఠము)



మంగళగిరిలో కూర్చుండి సముద్రపు ప్రాణిని గూర్చి మాటలాడుట కొందరికి వింతగా తోపవచ్చును. ఈ ఊరికి కొండ కలదు, కోవెల కలదు, మగ్గము కలదు. సముద్రము మాత్రము లేదు. కాని ఈ సభకు నిజాంపట్నం, రేపల్లె, బాపట్ల, అవనిగడ్డ వైపులనుండి వచ్చిన సభ్యులున్నారు. వారి గ్రామములకు సముద్రమే పొలము. తక్కినవారికి గూడ ఇందులో పాలు కలదు. ఈ ప్రాంతమున పారు కొండవీటి వాగు ఉండవల్లివద్ద కృష్ణలో కలియుచున్నది. డెల్టా పొలములలోని మురుగునీరు కాలువలవెంట పోయి తుదకు బంగాళాఖాతమునే చేరుచున్నది. ఎగువవారు వదలిన నీరే దిగువవారి వలలోని ప్రాణులకు ఇల్లు.

నేడు మనవి చేయదలచినది ఒక చిన్న ప్రాణిని గుర్తించి, దాని పేరును గ్రామపు రిజిస్టరులో సరిగా వ్రాయు విధమును గూర్చి.

ఏమిటీ ప్రాణి?

పంటచేలలో గొల్లభామ అను పురుగును మీరందరు చూచియేయున్నారు. ముందు చేతులు మడచుకొని, నమస్కరించుచున్నట్లు నిలిచి, ఈగయో దోమయో దగ్గరకు రాగానే చటుక్కున చేయి చాచి పట్టుకొనును. సముద్రములో గూడ అట్టి చేతులే గల ప్రాణి యొకటి కలదు. ఇంగ్లీషులో దీనిని మాంటిస్ ష్రింప్ అందురు. మాంటిస్ అనగా గొల్లభామ. కావున ఈ ప్రసంగములో దీనిని గొల్లభామ రొయ్య అని పిలుచుకొందము. శాస్త్రజ్ఞులు ఈ వర్గమునకు స్టొమటోపోడా అని పేరిడిరి. పేరునకు రొయ్యయే గాని ఇది నిజమైన రొయ్య కాదు. రొయ్యకును పీతకును దూరపు బంధువు మాత్రమే. ప్రపంచమున ఇట్టివి సుమారు 500 జాతులు కలవు.

మన తీరమున ట్రాలు వల పైకి లాగినప్పుడు రొయ్యలతోను చేపలతోను కలిసి ఇవియు వచ్చును. జపానులోను ఇటలీలోను వీనిని ఇష్టముగా భుజింతురు. మన దేశమున చాల భాగము పనికిరాని సరుకుగా ప్రక్కకు నెట్టబడి, ఎండి, కోళ్ల దాణాకో ఎరువుకో పోవుచున్నది. ఏ జాతి ఎంత పోవుచున్నదో, చిన్నపిల్లలెన్ని, గ్రుడ్లు మోయు తల్లులెన్ని అను లెక్క కావలెనన్నచో ముందుగా జాతిని గుర్తింపవలయును. పేరు లేనిదానికి లెక్క లేదు. లెక్క లేనిదానికి రక్షణ లేదు.

పంచాయతీకేమి పని?

2002వ సంవత్సరమున భారత పార్లమెంటు జీవవైవిధ్య చట్టమును చేసినది. 2004లో దాని నియమములు వెలువడినవి. వీని ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పరచి, స్థానిక ప్రజలతో సంప్రదించి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును తయారు చేయవలయును. ఊరిలోని చెట్లు, పంటలు, పశువులు, చేపలు, వాని ఉపయోగములు, వానిని గూర్చి పెద్దలకు గల తెలివి అన్నియు ఇందులో చేరవలయును.

పొలము హద్దు తప్పు వ్రాసిన యెడల ఎన్ని తగవులు వచ్చునో మీకు తెలియును. ఈ రిజిస్టరు గూడ అట్టి పత్రమే. తీరగ్రామపు రిజిస్టరులో "రొయ్యలు, పీతలు, ఇతరములు" అని వ్రాసి చేవ్రాలు చేసిన యెడల, ఆ "ఇతరములు" అను మాట వెనుక ఎన్ని జాతులు మరుగునపడునో ఎవరును చెప్పజాలరు. ఇరువది యేండ్ల తరువాత మీ మనుమడు ఆ పుట తెరచి, ఫలాన ప్రాణి మా తాతలనాడు మా ఊరి సముద్రములో ఉండెనా అని వెదకినచో జవాబు దొరకదు.

చూచుటెక్కడ?

అండమాను దీవులలోను, లక్షద్వీపములలోను, మన్నారు సింధుశాఖలోను నీరు అద్దమువలె నుండును. కండ్లకు అద్దము తగిలించి, నోట గొట్టము పెట్టుకొని, లోతు తక్కువ నీటిపై బోర్లా తేలుచు పగడపు రాళ్ల నడుమ ఈ ప్రాణులను చూడవచ్చును. మన శ్రీకాకుళము, విశాఖపట్నము వైపునుండి వెళ్లి అండమానులలో స్థిరపడిన తెలుగు మత్స్యకారులు అనేకులు కలరు. అచ్చటి రాళ్ల సందులలో ఆకుపచ్చని ఒడలు, ఎఱ్ఱని కాళ్లు, ముందుభాగమున చిఱుత మచ్చలు గల నెమలి రంగుల జాతి కలదు. దాని పేరు ఒడొంటొడాక్టిలస్ సిల్లారస్. గొనొడాక్టిలస్ స్మితీ అను మరియొక జాతి చేతి లోపలివైపున తెల్లని అంచుగల ఊదారంగు మచ్చ నుండును. చేతులు చాచి శత్రువును బెదరించునప్పుడు ఆ మచ్చ కానవచ్చును; దానినిబట్టియే జాతిని చెప్పవచ్చును. అచ్చట చూచువారు దూరమునుండియే చూడవలయును. పగడపు రాయిని విరచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునుబట్టి నేరము.

కృష్ణ ముఖద్వారమున కథ వేరు. నది తెచ్చు ఒండ్రుచేత నీరు మసకగా నుండును. అద్దము పెట్టుకొని దిగినను మోచేయి దాటి చూపు పోదు. ఇచ్చటి జాతులు బురదలోను ఇసుకలోను బొరియలు త్రవ్వుకొని యుండును. కావున మనము చూడవలసిన చోటు వల. చూడవలసిన సమయము వల ఒడ్డునకు చేరిన గడియ.

గుర్తించు క్రమము

మొదట, అది గొల్లభామ రొయ్యయేనా అని తేల్చుకొనవలయును. రొయ్య ప్రక్కలనుండి నొక్కినట్లు వంగియుండును. ఇది పైనుండి నొక్కినట్లు బల్లపరుపుగా నుండును. వీపుమీది చిప్ప పొట్టిది. దాని వెనుక ఒడలి కణుపులు కొన్ని పైకి కానవచ్చును. కండ్లు కాడలపై నిలిచి అటునిటు తిరుగుచుండును. నడచు కాళ్లు సన్ననివి మూడే జతలు. తోక వెడల్పుగా, అంచున ముండ్లతో నుండును.

రెండవది, చేయి. ఈ వర్గమంతయు రెండు తెగలు: బల్లెము పట్టినవి, గుదియ పట్టినవి. బల్లెపు తెగవాని చేతి చివరి కణుపు కొడవలివలె వంగి, లోపలి అంచున వాడి పండ్లు కలిగియుండును. చేపలను, మెత్తని ప్రాణులను పొడిచి పట్టును. గుదియ తెగవాని చేతి మడమ ఉబ్బి గట్టిగా నుండును. నత్తల గుల్లలను, పీతల చిప్పలను పగులగొట్టును. అమెరికా శాస్త్రజ్ఞులు 2004లో ప్రకటించిన పరిశోధనలో నెమలి రంగుల జాతి దెబ్బ వేగము సెకనుకు 23 మీటర్ల వరకు, అనగా గంటకు 80 కిలోమీటర్లకు పైగా నుండునని తేలినది. బల్లెపు తెగలోని పెద్ద చారల జాతి పోటు దానిలో పదవ వంతు వేగమే యని 2012లో వెల్లడియైనది. బురదనేలలో మన వలకు చిక్కునవి ముఖ్యముగా బల్లెపు తెగవి.

మూడవది, పండ్ల లెక్క. చివరి కణుపును మెల్లగా విప్పి, కొనపంటిని గూడ చేర్చి లెక్కింపవలయును. ఆరు పండ్లున్న యెడల మన తీరమున సాధారణముగా దొరకు స్క్విల్లా కుటుంబపు చిన్న జాతులలో ఏదియో యని తలపవచ్చును. మియాకెల్లా నెపా అట్టిది. తూర్పు పడమర తీరములు రెండింటను ట్రాలు వలలలో విరివిగా పడును. ఎనిమిది పండ్లుండి, దేహము పెద్దదైనచో హార్పియోస్క్విల్లా జాతి కావచ్చును. అందులో రఫీడియా యనునది అడుగు పొడవు వరకు పెరుగును. ఒడలంతయు నలుపు తెలుపు అడ్డ చారలుండి, పండ్లు ఇంకను ఎక్కువగా నున్నచో లైసియోస్క్విల్లా కుటుంబమును తలపవలయును. అవి ఇసుకలో బొరియ చేసికొని జంటలుగా కాపురముండును.

నాలుగవది, వీపుచిప్ప మీది గీట్లు, తోకపలక మీది గీట్లు, మచ్చలు. నడిమి గీటు కలదా, ముందువైపు రెండుగా చీలునా, తోక రెక్కలమీద నల్లని మచ్చయున్నదా అని చూడవలయును. ప్రాణము పోయిన కొంతసేపటికే రంగులు వాడిపోవును. కావున రంగులు తడి ఆరకముందే వ్రాసికొనుడు.

ఐదవది, ఆడమగ భేదము. మగదానికి చివరి జత నడక కాళ్ల మొదట సన్నని పుల్లలవంటి అవయవములు రెండు కలవు. పక్వమైన ఆడుదానికి రొమ్ము అడుగున మూడు తెల్లని అడ్డగీట్లు కానవచ్చును. గ్రుడ్ల ముద్దను అది ముందరి చిన్న చేతులతో పట్టుకొని బొరియలో కాచుకొనును. ఏ నెలలలో ఈ తెల్లగీట్లు ఎక్కువగా కానవచ్చునో వ్రాసి ఉంచిన యెడల, ఆ జాతి గ్రుడ్లు పెట్టు కాలము మీ గ్రామమువారే చెప్పగలరు. తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిషిద్ధము. ఈ విరామము ఏ జాతికి ఎంత మేలు చేయుచున్నదో తెలియుటకు అట్టి లెక్కలే ఆధారము.

ఒక హెచ్చరిక. బ్రతికియున్న దానిని వట్టి చేతితో పట్టరాదు. తోక ముండ్లు కోయును, బల్లెము గ్రుచ్చును. ఒక పాత్రలో ఒకదానినే ఉంచవలయును. రెండుంచిన పోరాడి గాయపడును.

రిజిస్టరులో వ్రాయు తీరు

రేవులో చేపలు ఏరు స్త్రీలను ముందుగా అడుగుడు. కుప్పలో చేయి పెట్టకుండగనే ఏది ఏదో వారు చెప్పుదురు. వారు పలికిన పేరును పలికినట్లే వ్రాయుడు. ఒకే జాతికి రెండు ఊళ్లలో రెండు పేర్లున్న యెడల రెండును వ్రాయుడు. ఆ పేరు సరిదిద్దవలసినది కాదు, భద్రపరుపవలసినది. పిదప తేదీ, రేవు, వల పేరు, లోతు ఎన్ని బారలు, అడుగు బురదయా ఇసుకయా, పండ్ల లెక్క, పొడవు, రంగు, ఆడమగ వివరము వ్రాయుడు. ప్రక్కన కొలబద్ద పెట్టి పైనుండి ఒకటి, విప్పిన చేతిది ఒకటి, తోకది ఒకటి, మూడు ఛాయాచిత్రములు తీయుడు.

శాస్త్రీయ నామమును ఊహించి వ్రాయరాదు. సందేహమున్నచో ఆ గడిని ఖాళీగా ఉంచి, ఈ వివరములను నిపుణులకు పంపుడు. ఈ మంగళగిరికి సమీపముననే నాగార్జున విశ్వవిద్యాలయమున జంతుశాస్త్ర విభాగము కలదు. విశాఖపట్నమున ఆంధ్ర విశ్వవిద్యాలయమును, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రమును కలవు. 1913లో కలకత్తా ఇండియన్ మ్యూజియము పక్షమున స్టాన్లీ కెంప్ ఈ వర్గమును గూర్చి గొప్ప గ్రంథమును ప్రకటించెను. నాడు స్క్విల్లా నెపా అని పిలువబడిన జాతి తరువాత ఒరాటోస్క్విల్లా నెపా యై, నేడు మియాకెల్లా నెపా యైనది. శాస్త్రీయ నామములే మారుచుండగా, మన మత్స్యకారుల పేరును, పండ్ల లెక్కను, ఛాయాచిత్రమును ఉంచుకొనుట ఎంత అవసరమో గ్రహింపుడు.

ఇక ఎగువ గ్రామముల సభ్యులకు ఒక మాట. ఇండోనేషియా పగడపు దిబ్బలలో 1990 ప్రాంతపు దశాబ్దమున జరిగిన పరిశోధనలలో, నీరు చెడిన చోట గొల్లభామ రొయ్యలు తగ్గిపోవునని కనుగొనిరి. మన బురదతీరమునకు అట్టి కొలత కావలెనన్నను మొదటి మెట్టు లెక్కయే. పురుగుమందుల డబ్బాలను కాలువలో కడుగుట మాన్పించుట మీ చేతిలోని పని. దాని ఫలితమును వలలో చూచి వ్రాయుట తీరగ్రామముల చేతిలోని పని.

తిరిగి వెళ్లిన పిమ్మట తీరగ్రామముల సభ్యులు తమ రిజిస్టరును ఒకసారి తెరచి చూతురుగాక. "ఇతరములు" అను మాట ఎచ్చట కనిపించునో అచ్చట వ్రేలు పెట్టి, ఆ రేవు స్త్రీలను పిలిచి, ఒక్కొక్క పేరే అడిగి వ్రాయింతురుగాక. ఇందుకు పెద్ద ధనము అక్కరలేదు. ఒక కొలబద్ద, ఒక పుస్తకము, కొంచెము ఓరిమి చాలును.