ఏ పెట్టెలో ఏ పని

ఇవ్వాళ పట్టాలు అందుకుంటున్న బిడ్డలారా, వెనక వరుసల్లో కూర్చున్న అమ్మానాన్నలారా!

మానేరు అవతల సిరిసిల్లలో, ఇవతల మన బద్దెనపల్లి టెక్స్‌టైల్ పార్కులో సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు వింటూ పెరిగినవాళ్లు మీలో చాలామంది. అందుకే ఫాగ్ కంప్యూటింగ్ సంగతి సాంచాల షెడ్డులోనే పెట్టి చెబుతాను.

సాంచా మీద ఒక కెమెరా పెట్టామనుకోండి. పోగు తెగితే బట్ట పాడుకాకముందే సాంచా ఆగాలి. హైదరాబాద్‌లో 2022 నుంచి అమెజాన్ క్లౌడ్ కేంద్రాలున్నాయి, ఫైబర్‌లో అక్కడికి మిల్లీసెకను అటూ ఇటూ. కానీ రోడ్డు తవ్వే జేసీబీ కేబుల్ తెంపితే? మనకు దూరం కన్నా తెగే లైనుతోనే ఇబ్బంది. కాబట్టి ఆ లెక్క షెడ్డులోని చిన్న కంప్యూటర్ పెట్టెలోనే తేలాలి. ఈ పద్ధతికి 2012లో సిస్కో పరిశోధకులు ఫాగ్ అని పేరు పెట్టారు. ఇలాంటి పెట్టెల్లో పనిని సర్వర్‌లెస్ పద్ధతిలో నడపొచ్చు. సర్వర్‌లెస్ అంటే, మీరు చిన్న చిన్న ఫంక్షన్లు రాసిస్తారు, పని పడ్డప్పుడే అవి నడుస్తాయి. సర్వర్ బాగోగులు వేరేవాళ్లవి.

మరి ఏ ఫంక్షన్ ఏ పెట్టెలో నడవాలి? నేసిన బట్ట మీటర్ల లెక్క, పార్కులో అందరికీ ఉమ్మడిగా ఉన్న పెట్టెలో నడిచినా నష్టం లేదు. కార్మికుడి కూలి, బాకీ అలా కాదు. "బాకీ ఉంటే కూలిలో కోత వేసే ఫంక్షన్‌ను పిలువు" అని రాశారనుకోండి. డేటా మొత్తం ఎన్‌క్రిప్ట్ చేశారు, ఒక్క అంకె బయటికి పోలేదు. అయినా ఉమ్మడి పెట్టె చూసుకునేవాడికి, ఫలానా మనిషి కూలి లెక్కప్పుడు కోత ఫంక్షన్ నడిచిందని తెలుస్తుంది. ఇంకేం, అతనికి అప్పుందని తేలిపోయింది! ఎన్‌క్రిప్షన్ చేశాం కదా అని చేతులు దులుపుకునే ఇంజినీరుకు ఈ చిక్కు కనిపించదు.

సమాచారం ఎటు పారవచ్చో, ఎటు పారకూడదో గోప్యత మెట్లు కట్టి చెప్పే పద్ధతిని డొరోతీ డెనింగ్ 1976లోనే ఇచ్చారు. ఇటలీలోని పీసా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ ఆలోచనను ఫాగ్‌కు తెచ్చారు. ప్రతి డేటాకూ, ప్రతి పెట్టెకూ గోప్యత ముద్ర వేసి, ప్రోలాగ్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నియమాలు రాశారు. షరతు వెనక రహస్యం ఉంటే, ఆ షరతు రెండు దారుల్లోని ఫంక్షన్లనూ నమ్మదగ్గ పెట్టెలోనే ఉంచాలని ప్రోగ్రామే తేలుస్తుంది. ప్రోలాగ్ పరీక్షతోనే పోయిందనుకున్నవాళ్లు ఆ పుస్తకం మళ్లీ తెరవండి.

రేపు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగంలో చేరతారు. డిజైన్ మీటింగులో కొత్తవాళ్లమని మొహమాటపడకండి. ఈ ఫంక్షన్ ఎవరి మిషన్‌లో నడుస్తుంది, నడిచిందని ఎవరెవరికి తెలుస్తుంది అని అడగండి. కోడ్ రాయకముందే అడగండి.